నెట్‌కు అటు సీయోను, ఇటు బేతేలు

డిసెంబరు సగానికి వచ్చేసరికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల పల్లెల్లో చర్చి ఆవరణలు మైదానాలవుతాయి. హైదరాబాదులో సెంట్రింగ్ పనికి, పుణెలో మట్టి పనికి, ముంబైలో భవన నిర్మాణాలకు వెళ్లిన యువకులు సెమీ క్రిస్మస్ నాటికి ఊరు చేరుకుంటారు. రెండు గుంజలు పాతి నెట్ కడతారు. ముగ్గుపిండితో గీతలు గీస్తారు. ఈ చర్చి యూత్‌కూ ఆ చర్చి యూత్‌కూ మధ్య వాలీబాల్, కబడ్డీ, ఎక్కడైనా కాస్త చదునైన బీడు దొరికితే క్రికెట్. మైకులో స్కోరు చెప్పే కుర్రవాడు పాయింటుకొక 'హల్లెలూయ' జోడిస్తాడు. ఓడిన జట్టు ఏడాది పొడవునా మాట పడుతుంది, ఆ బాకీ తీర్చుకోవడానికి మరుసటి డిసెంబరులో మళ్లీ వస్తుంది. ప్రభుత్వ క్రీడా వ్యవస్థ చూపు సోకని ఈ పల్లెల్లో చాలామంది దళిత యువకులకు ఏడాదికొకసారి దొరికే అసలైన పోటీ ఇదే.

జిల్లా పత్రికల అనుబంధాల్లో ఈ పోటీల ఫొటోలు 'స్నేహపూర్వక క్రీడలు' అన్న శీర్షిక కింద అచ్చవుతుంటాయి. ఆ మాటను తేలికగా తీసుకోవలసిన పని లేదు. పని కోసం చెట్టుకొకరు పుట్టకొకరుగా చెదిరిపోయిన యువకులు ఏడాదికొకసారి ఒకచోట చేరి, చెమటోడ్చి, గెలిచి ఓడి, కలిసి భోంచేసి వెళ్లడం చిన్న విషయం కాదు. అయితే ఒక సంగతి మాత్రం ఎవరూ అడగరు. నాలుగైదు వందల గడపలున్న ఊరిలో, ఒక చర్చి గంట మరో చర్చికి వినిపించేంత దూరంలో, రెండు చర్చిలు ఎందుకు వెలిశాయి? పోటీకి రెండు జట్లు కావాలి, నిజమే. ఆ రెండు జట్లను విడదీసిన గీత మైదానంలో ముగ్గుపిండితో గీసిన గీత కంటే పాతది.

మిషన్ల కాలంలో ఒక పల్లెలో రెండు చర్చిలు ఉండేవి కావు. ప్రొటెస్టెంటు మిషన్లు పరస్పర ఒప్పందాలతో తెలుగు నేలను క్షేత్రాలుగా పంచుకున్నాయి. ఒకరు విత్తిన చోట మరొకరు విత్తరాదన్నది వారి నియమం. మెదక్ వెస్లియన్ మెథడిస్టులకు, దోర్నకల్ ఆంగ్లికన్లకు, పాలమూరు అమెరికన్ బాప్టిస్టులకు దక్కాయి. నల్లగొండలో బాప్టిస్టుల ఛత్రం కింద పనిచేసిన అబ్రహాం ఫ్రీసెన్ రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్. ఆయన వెనుకనే, 1899లో, అమెరికా మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్ హైదరాబాదు చేరింది. అక్కడి నుంచి దక్షిణానికి విస్తరించి నాగర్‌కర్నూలులో, వనపర్తిలో కేంద్రాలు నెలకొల్పింది. 1937లో మహబూబ్‌నగర్, గద్వాల క్షేత్రాలు కూడా బాప్టిస్టుల నుంచి దాని చేతికి వచ్చాయి. ఆ తర్వాత చాలాకాలం ఈ పట్టణాల పరిధిలో చర్చి అంటే ఎం.బి. చర్చి అనే అర్థం. ఊరికి ఒకటే చర్చి ఉన్నప్పుడు పక్క చర్చితో పోటీ అన్న మాటే పుట్టదు.

ఆ చర్చిలోకి వచ్చినవారు ఎక్కువగా మాలలు, మాదిగలు. గద్వాల, వనపర్తి నిజాం ఏలుబడిలోని సంస్థానాలు. వెట్టి చేయడమే బతుకైన మనుషులకు మిషన్ కాంపౌండు మూడు కొత్త సంగతులు చూపింది: బడి, ఆసుపత్రి, ఖాళీ స్థలం. మొదటి రెండింటి గురించి చర్చి చరిత్రకారులు విస్తారంగా రాశారు. మూడోదాని గురించి రాసినవారు తక్కువ. వెలివాడకు సొంతమైన ఖాళీ జాగా ఎక్కడుంటుంది? ఊరి చావడి ముందు ఆడుకోలేరు, గుడి ముందు ఆడుకోలేరు, పొలం దొరది. పొద్దున్నే లేస్తే ఎవరి అనుమతీ అడగకుండా పిల్లలు పరుగెత్తగలిగిన మొదటి చదును నేల కాంపౌండు గోడ లోపల దొరికింది. ఆటకు ముందు నేల కావాలి. పాలమూరు దళితుల క్రీడా చరిత్ర ఎవరైనా రాస్తే దాన్ని ఆ గోడ లోపలి నుంచే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. ఇవాళ పట్టణాల్లో ఆ ఆవరణలు రోడ్డు వైపు దుకాణాల వరుసలుగా, కోర్టు వ్యాజ్యాలుగా కుంచించుకుపోతుంటే పెద్దలు ఆస్తి పోతున్నదని బాధపడుతున్నారు. పిల్లలకు పోతున్నది మైదానం.

ఒకే చర్చి ఉన్నంత మాత్రాన రెండు గేరీలు ఒకటి కాలేదు. మాల గేరి, మాదిగ గేరి ఊరికి వేర్వేరు అంచులు. బావులు వేరు, శ్మశానాలు వేరు, పెండ్లి సంబంధాలు సరేసరి. మెన్నొనైట్ మిషనరీ కుటుంబంలో పుట్టి మానవ శాస్త్రవేత్త అయిన పాల్ హీబర్ట్ మహబూబ్‌నగర్ జిల్లా పల్లె జీవితంపై రాసిన 'కొండూరు' 1971లో వెలువడింది. బోధకుల ఇంట్లో పుట్టినవాడు ఊరి కుల నిర్మాణాన్ని అధ్యయన వస్తువుగా తీసుకోవలసి రావడంలోనే కొంత అర్థముంది. ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె విరిచినవారు బల్ల దగ్గర నుంచి లేచి ఇంటికి వెళ్లే దారులు మాత్రం మారలేదు.

మిషనరీలు వెళ్లిపోయారు. క్షేత్రాల ఒప్పందాలు చెల్లకుండా పోయాయి. పెంతెకొస్తు సంఘాలు, హెబ్రోను సహవాసాలు, బైబిలు మిషను, ఏ పెద్ద సంస్థకూ చెందని స్వతంత్ర మందిరాలు ఒకదాని తర్వాత ఒకటి పల్లెలకు వచ్చాయి. రెండో చర్చి ఎందుకు కట్టుకున్నారని అడిగితే సిద్ధాంతపరమైన జవాబు సిద్ధంగా ఉంటుంది: అక్కడ ఆత్మ పూర్ణత లేదు, ఇక్కడ నగలు తీసేయాలి, వాళ్లది ఒక రకం ఆరాధన, మాది మరో రకం. ఇవన్నీ నిజమైన భేదాలే. విశ్వాసులు వాటిని మనస్ఫూర్తిగానే నమ్ముతారు. కాని రెండో మందిరం పునాది ఏ గేరిలో పడిందో, మొదటి మందిరం సంఘ పెద్దలు ఏ గేరివారో పక్కపక్కన పెట్టి చూస్తే, చాలా ఊళ్లలో సిద్ధాంతం కులం దారినే నడిచినట్లు కనిపిస్తుంది.

చాలా ఊళ్లలో అన్నాను, అన్ని ఊళ్లలో అనలేదు. మాల, మాదిగ కుటుంబాలు మూడు తరాలుగా ఒకే చాప మీద కూర్చుంటున్న సంఘాలున్నాయి. ఒకే గేరిలో, ఒకే ఇంటి పేరువాళ్ల మధ్య, కానుకల లెక్కల దగ్గర తగాదా వచ్చి చీలిపోయిన చర్చిలూ ఉన్నాయి. పాస్టరు గారి ఇద్దరు కొడుకులు రెండు మందిరాలు పెట్టుకున్న చోట కుల సిద్ధాంతం వెదకడం వృథా శ్రమ. ప్రతి చీలికకూ కులమే మూలమని తేల్చేసే పరిశోధకులు చర్చి రాజకీయాలను తక్కువగా అంచనా వేస్తున్నారు. అయినా, తగాదా ఏదైనా, చీలిన సంఘం సాధారణంగా గేరి సరిహద్దు దగ్గరే ఆగుతుంది. చీలి వచ్చినవారికి అవతలి గేరిలో ఇటుక పేర్చడానికి స్థలం దొరకదు.

ఇప్పుడు జట్ల పేర్ల సంగతి చూద్దాం. సీయోను, బేతేలు, ఎబెనెజరు, కల్వరి, షాలోము. మందిరానికి ఏ పేరుంటే జట్టుకూ అదే పేరు. మైకులో వినిపించేది 'సీయోను పదిహేను, బేతేలు పన్నెండు'. మాల అన్న మాట లేదు, మాదిగ అన్న మాట లేదు. ఊరంతటికీ మాత్రం తెలుసు. ఈ పేర్లు చేసే మేలు నేను కాదనను. పుట్టుకతో అంటించిన పేరును తుడిచి, తాము ఎంచుకున్న పేరుతో మైదానంలో నిలబడడం దళితునికి గౌరవమే. అదే పేరు ఒక తెర కూడా. తెర ఉన్నంతసేపు పోటీ స్నేహపూర్వకంగా సాగుతుంది, తెర ఉన్నందువల్లనే ఆ పోటీ ఎవరి మధ్య జరుగుతున్నదో ఎవరూ పైకి అనవలసిన అవసరం రాదు.

ఆటగాళ్ల పేర్లలో ఇంకో చిక్కుంది. నాగర్‌కర్నూలు నుంచి వచ్చి మా విభాగంలో చదువుకుంటున్న ఒక విద్యార్థి నవ్వుతూ చెప్పిన మాట ఇది: "మైకులో నేను శామ్యూలును సార్, మెమోలో శ్రీశైలాన్ని." ఆ నవ్వు వెనుక రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు, 1950 ఉంది. దాని మూడో పేరా హిందువులకు మాత్రమే ఎస్సీ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు బయటే ఉన్నారు. తెలుగు రాష్ట్రాల్లో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవారు, వారి సంతతి బీసీ-సి. ఆ వర్గానికి ఉన్నది ఒక్క శాతం. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం రక్షణ కోరలేడని తీర్పు చెప్పింది. మతం మారిన దళితులకు ఎస్సీ హోదా సంగతి పరిశీలించడానికి కేంద్రం 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. ఈ స్థితిలో గ్రూప్-4కు చదువుకుంటున్న యువకుడు చర్చి జట్టు ఫ్లెక్సీ మీద తన ఫొటో, పేరు అచ్చు వేయించుకోవడానికి వెనకాడితే అతన్ని పిరికివాడని అనగలమా? కొన్ని సంఘాలు బాప్తిస్మం తీసుకున్నవాడే జట్టులో ఉండాలని నియమం పెడతాయి. సంఘకాపరి దృష్టిలో అది క్రమశిక్షణ. తహసీల్దారు కార్యాలయంలో అదే నియమం సాక్ష్యంగా మారవచ్చు. వాలీబాల్ ఆడడానికి ఇంత ఆలోచించవలసిన యువకుడు ఈ దేశంలో మరో సమూహంలో ఉన్నాడా?

పోటీ జరిగే తీరు మాత్రం ముచ్చటగా ఉంటుంది. ప్రార్థనతో మొదలై ప్రార్థనతో ముగుస్తుంది. రెండు ప్రార్థనల నడుమ ఏం జరిగినా దేవుడు చూసీ చూడనట్లు ఉంటాడని యూత్ నమ్మకం. అంపైరు పొరుగూరి పీఈటీ అయితే మంచిది, ఏ గేరివాడైనా మాట వస్తుంది. అసలు గొడవ ఎప్పుడూ బయటి ఆటగాళ్ల దగ్గరే: "వీడు మీ సంఘంలో ఎప్పుడు చేరాడు? ఏ ఆదివారం వచ్చాడు?" బాగా స్మాష్ కొట్టగలిగిన ముదిరాజుల అబ్బాయి, బోయల అబ్బాయి డిసెంబరు మొదటి వారంలో హఠాత్తుగా యవ్వనస్తుల కూడికలో కనిపిస్తాడు. జనవరిలో కనిపించడు. పాస్టరు గారు నిట్టూరుస్తారు గానీ, సెమీ ఫైనలు దాకా అభ్యంతరం చెప్పరు. నవ్వు తెప్పించే ఈ చిన్న మోసంలో నాకు ఒక పెద్ద విశేషం కనిపిస్తుంది. బీసీ కులాల యువకుడు మాదిగ గేరి మందిరం పేరున్న బనియను తొడుక్కుని ఊరి ముందు నిలబడుతున్నాడు. అతని తాత ఆ గేరిలో అడుగుపెట్టి ఉండడు. సువార్త సభ చేయలేని పని ఒక సర్వీసు చేసింది.

ఆట తర్వాత భోజనం. ఆతిథ్యమిచ్చే సంఘం వండుతుంది, రెండు జట్లూ తింటాయి. దీన్ని మామూలు విషయంగా చూసేవారు మాల, మాదిగల మధ్య పాత కట్టుబాట్లు ఎరగనివారు. మాదిగ ఇంట మాల తినకపోవడం ఒకప్పటి రివాజు. అంటరానివారిగా ముద్రపడ్డవారి మధ్య కూడా మెట్లు కట్టడమే కుల వ్యవస్థ నేర్పరితనం. కబడ్డీ ఆడి వచ్చిన ఆకలి ఆ మెట్టును ఒక్క మధ్యాహ్నంపాటు చదును చేస్తుంది.

ఏ ఆట ఆడుతున్నారన్నది కూడా పట్టించుకోవలసిన విషయమే. వాలీబాల్ క్రైస్తవ సంస్థలో పుట్టిన ఆట. 1895లో అమెరికాలోని హోలియోక్ వైఎంసీఏలో విలియం మోర్గన్ దాన్ని రూపొందించాడు. బాస్కెట్‌బాల్‌లో ఒంటికి ఒళ్లు రాసుకునే తాకిడి ఎక్కువ, వయసు మళ్లినవారికి అది తగదని, మధ్యలో నెట్ కట్టి రెండు జట్లను విడగొట్టాడు. వైఎంసీఏ ద్వారానే ఆ ఆట మన దేశానికి వచ్చింది. 1920లో మద్రాసులో హారీ క్రో బక్ స్థాపించిన వ్యాయామ విద్యా సంస్థ నుంచి శిక్షకులు ఊరూరా బయలుదేరారు. అంటే వాలీబాల్‌లో ప్రత్యర్థిని తాకనక్కర లేదు, తాకడానికి వీలూ లేదు. కబడ్డీ దానికి పూర్తిగా తలకిందులు. అక్కడ తాకితేనే పాయింటు. కూతకు వెళ్లినవాడిని పదిమందీ కాళ్లు పట్టి, నడుము పట్టి, మీద పడి నేలకు అదుముతారు. చెమట చెమటలో కలుస్తుంది.

తాకడం మన సమాజంలో ఎంత దూరం పోగలదో గుర్తుచేసుకుంటే ఈ తేడా విలువ తెలుస్తుంది. 1991లో గుంటూరు జిల్లా చుండూరులో సినిమా హాలులో ఒక దళిత యువకుని కాలు అగ్రకులస్థునికి తగలడం దగ్గర మొదలైన తగాదా సాంఘిక బహిష్కరణగా మారి, ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల హత్యాకాండకు దారితీసింది. అదే తాకిడి కబడ్డీ బరిలో జరిగితే చప్పట్లు. నా వరకు అడిగితే, రెండు గేరీల చర్చిలు పోటీ పెట్టుకున్నప్పుడు వాలీబాల్ కంటే ముందు కబడ్డీ పెట్టుకోమంటాను. నెట్ అవసరం లేని ఆట అది, గుంజల ఖర్చు కూడా మిగులుతుంది.

మైదానం ఇచ్చే సమానత్వం మైదానం గట్టు దగ్గర ఆగిపోవడం మన దేశంలో కొత్త కాదు. పల్వంకర్ బాలూ చమార్ కులంలో పుట్టిన స్పిన్ బౌలరు. 1911లో ఇంగ్లండుకు వెళ్లిన భారత జట్టు తరఫున వందకు పైగా వికెట్లు తీశాడు. పూనాలో అతను వేసిన బంతిని బ్రాహ్మణ ఆటగాళ్లు పట్టుకునేవారు, విరామంలో మాత్రం అతనికి టీ పెవిలియను బయట, మట్టి ముంతలో. బొంబాయిలో మతాల వారీగా జరిగిన టోర్నమెంటులో హిందూ జట్టుకు ఏళ్ల తరబడి వికెట్లు తీసినా కెప్టెన్సీ అతనికి దక్కలేదు. 1923లో అతని తమ్ముడు విఠల్ కెప్టెన్ అయ్యాడు. అదే టోర్నమెంటులో 1937 నుంచి క్రైస్తవులు, యూదులు మొదలైనవారిని కలిపి 'రెస్ట్' అనే జట్టు వచ్చింది. మిగిలినవాళ్లు అని దాని అర్థం. 1943 ఫైనలులో ఆ జట్టు 387 పరుగులు చేస్తే అందులో 309 విజయ్ హజారేవి. ఆ మహానుభావుడు మరాఠీ క్రైస్తవుడన్న సంగతి మన క్రికెట్ అభిమానులలో ఎందరికి గుర్తుందో. మతాల వారీ జట్లను గాంధీజీ 1940లో వ్యతిరేకించారు. 1946 తర్వాత ఆ టోర్నమెంటు ఆగిపోయింది. హిందూ జట్టు అన్న ఒక్క పేరు కింద బాలూ తాగిన మట్టి ముంత దాగిపోయింది. సీయోను, బేతేలు అన్న పేర్ల కింద ఏవి దాగుతున్నాయో అడగడానికి ఆ చరిత్ర మనకు కారణమిస్తున్నది.

చర్చిల పేరుతో జట్లు ఏర్పడడం మరో రకంగానూ సాగింది. లివర్‌పూల్‌లో సెయింట్ డొమింగో మెథడిస్టు చర్చి యువకులు 1878లో మొదలుపెట్టిన జట్టు ఎవర్టన్ అయింది. బర్మింగ్‌హాంలో విల్లా క్రాస్ వెస్లియన్ చాపెల్ యువకుల నుంచి 1874లో ఆస్టన్ విల్లా పుట్టింది. కొద్దికాలంలోనే వాటి గేట్లు అందరికీ తెరుచుకున్నాయి, చర్చి పేరు చరిత్ర పుస్తకాలకు పరిమితమైంది. గ్లాస్గోలో మాత్రం సెల్టిక్ కాథలిక్కులదిగా, రేంజర్స్ ప్రొటెస్టెంట్లదిగా నిలిచిపోయి, ఆ పోటీ తరాల ద్వేషానికి వాహకమైంది. మందిరం పేరున్న బనియను ఈ రెండు దారుల్లో ఎటైనా పోవచ్చు. పాలమూరు పల్లెలు ఎటు పోతాయన్నది ఇప్పుడే ఎందుకు అడగాలి?

వర్గీకరణ వల్ల. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైన నాటి నుంచి ఈ ప్రశ్న రెండు గేరీల మధ్య నానుతూనే ఉంది. 2004లో చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు వర్గీకరణను కొట్టేసింది. 2024 ఆగస్టు 1న దవీందర్ సింగ్ కేసులో అదే కోర్టు దాన్ని సమర్థించింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో 59 కులాలు మూడు గ్రూపులయ్యాయి. ఒకటో గ్రూపుకు 1 శాతం, మాదిగలున్న రెండో గ్రూపుకు 9, మాలలున్న మూడో గ్రూపుకు 5. ఇది న్యాయమని నేను భావిస్తాను. ముప్పై ఏళ్లు ఆలస్యమైన న్యాయం. నా మాల మిత్రులలో చాలామంది అలా భావించరు. వారి వాదనలో వినదగిన అంశాలున్నాయి, ముఖ్యంగా లెక్కల గురించి. ఆ చర్చ వేరే వ్యాసానికి వదిలేస్తున్నాను. ఇక్కడ చెప్పదలచింది ఒక్కటే. రెండు గేరీల యువకుల ఫోన్లలో రెండు వేర్వేరు వాట్సాప్ గ్రూపులు రోజూ రెండు వేర్వేరు కోపాలను పోస్తున్నాయి. ఇన్నాళ్లు మైదానాన్ని కాపాడిన బైబిలు పేర్ల తెర ఆ వేడికి ఎంతకాలం నిలుస్తుంది? నెట్ తాకిందా లేదా అన్న ఒక్క పాయింటు తగాదా గేరి తగాదాగా మారడానికి ఇప్పుడు ఒక్క మాట చాలు. తమాషా ఏమిటంటే, కోటా గురించి తగవులాడుకునే ఈ యువకులలో బాప్తిస్మం రికార్డయినవారు ఇద్దరూ చట్టం దృష్టిలో ఆ కోటాకు బయటివారే. బీసీ-సి దగ్గర మాల, మాదిగ ఒకే వరుసలో నిలబడతారు. పాలకులు ఇలా ఒకటి చేసిన చోట కూడా పెండ్లి పత్రికలు వేరుగానే అచ్చవుతున్నాయి.

ఈ మైదానంలో లేనివారిని కూడా లెక్కించాలి. ఆడపిల్లలు లేరు. వారికి మ్యూజికల్ చైర్స్, లెమన్ స్పూన్, బైబిలు క్విజ్. గద్వాల విత్తన పత్తి చేలల్లో పువ్వు పువ్వునూ విప్పి పుప్పొడి అద్దే పనిలో రోజంతా వంగి నిలబడగలిగిన అమ్మాయికి కబడ్డీ ఆడే బలం లేదనుకోవడం వింత. అడ్డొచ్చేది సంఘ మర్యాద. కబడ్డీ ఆడాలంటే పంజాబీ డ్రెస్ మీది చున్నీ తీసి గట్టున పెట్టాలి, అక్కడ పెద్దలు సిద్ధాంతం దాకా పోతారు. లేనివారిలో రెండో రకం ఆధిపత్య కులాలు. ఆడేవారిలో లేరు గానీ వేదిక మీద ఉంటారు. టాస్ వేసేది ఆయనే, షీల్డు ఇచ్చేది ఆయనే, ఫ్లెక్సీ మీద పాస్టరు గారి కంటే పెద్ద ఫొటో ఆయనదే. ఎన్నికల సంవత్సరమైతే రెండు చర్చిలకూ రెండు పార్టీల దాతలు దొరుకుతారు, నగదు బహుమతి పెరుగుతుంది. రెండు గేరీలు ఆడుకుంటుంటే మూడోవాడు నాణెం ఎగరేయడం ఈ నేలకు పాత అలవాటు.

సంఘ పెద్దలు ఒక సవరణ ఆలోచించాలని కోరతాను. పోటీలు ఆపవద్దు. వేడి తగ్గించవద్దు. జట్లను చర్చి పేరుతో కట్టడం ఒక్కటి ఆపండి. రెండు మందిరాల యువకుల పేర్లూ ఒకే డబ్బాలో వేసి, చీటీలు తీసి జట్లు చేయండి. చర్చి పోటీ లేకపోతే పట్టుదల ఉండదని యూత్ అంటుంది, అందులో నిజం లేకపోలేదు. మనిషికి ప్రత్యర్థి కావాలి. అయితే ప్రత్యర్థిని ఎంచుకోవడానికి పాలమూరుకు వేరే గీతలు లేవా? పెండ్లయినవారు, కానివారు. పుణె బ్యాచి, హైదరాబాదు బ్యాచి. ఒకే మేస్త్రీ కింద ఒకే రేకుల షెడ్డులో ఆరు నెలలు కలిసి వండుకు తిన్న మాల, మాదిగ కుర్రవాళ్లు ఊరికి రాగానే ఏ జట్టు నీదని అడిగించుకోవడం కంటే, పుణె జట్టుగా దిగి హైదరాబాదు జట్టును ఓడిస్తే ఊరికేం నష్టం?

ఇది పెద్ద మార్పు కాదని తెలుసు. కలిసి భోంచేయడం వల్ల కులం పోదని, అసలు మందు కులాంతర వివాహమని అంబేద్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో స్పష్టం చేశారు. కలిసి ఆడడం కలిసి భోంచేయడం కంటే ఒక అడుగు వెనుకే ఉంటుంది. కాని పెండ్లికి ముందు పరిచయం కావాలి, పరిచయానికి ముందు ఒక చోటు కావాలి. రెండు గేరీల మధ్య అలాంటి చోటు ఈ పల్లెల్లో బడి తర్వాత ఇదొక్కటే మిగిలింది. చర్చి పెద్దలు దీన్ని పిల్లల ఆటగా చూసి యూత్ లీడరుకు వదిలేస్తున్నారు. శ్మశానం ఉమ్మడి చేయమంటే భూమి సంగతి అంటారు, సంబంధాలు కలుపుకోమంటే తల్లిదండ్రుల ఇష్టం అంటారు. చీటీలు తీయడానికి ఏ అడ్డు చెబుతారో విందాం. ఒక డబ్బా, ముప్పై నలభై కాగితం ముక్కలు, చదవడానికి మెమోలోని పేరో మైకులోని పేరో, ఎవరికి ఏది ఇష్టమైతే అది.